శాంటా గడ్డం అద్దెకు దొరికే చోట

చెల్లెమ్మా, ఫోన్లో బెంగపడ్డావు కదా, "అక్కా, మా పాపకి క్రిస్మస్ అంటే శాంటా, కేకు, ఇంటి ముందు స్టారు, అంతే! యేసయ్య ఊసే లేదు" అని. ఫోన్లో తేలే ముచ్చట కాదే ఇది, తీరిగ్గా రాస్తున్నా.

మా కృష్ణానగర్ సంగతి నీకు తెలుసు. తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు షూటింగుల కోసం రోడ్డెక్కే పేట. దేవుడి కిరీటం, పోలీసు టోపీ, భీముడి గద, అన్నీ ఇక్కడి కొట్లలో అద్దెకే. డిసెంబరు వస్తే వాటి పక్కనే శాంటా ఎర్రకోటూ తెల్లగడ్డమూ వేలాడతాయి. ఇక్కడి పిల్లలకి వేషం అబద్ధం కాదు. పొద్దున యమభటుడిగా వెళ్లిన నాన్న రాత్రికి నాన్నగా వచ్చి అన్నం కలిపి పెడతాడు మరి! కింద వాటాలో బుడ్డోడు క్యారల్స్‌తో వచ్చిన శాంటాని చూసి "ఈ గడ్డం మా వీధి కొట్టులోదే" అన్నాడు. ఆ వెంటనే అదే శాంటా చేతిలో చాక్లెట్ లాక్కుని, "అమ్మా, శాంటా వచ్చాడే!" అని ఇంట్లోకి ఒకటే పరుగు. తెలుసు, అయినా నమ్మాడు. ఆ రెండూ ఒకేసారి మనకే పట్టవు.

ఇక పండక్కి ముందే మా చర్చిలో వేసే సెమీ క్రిస్మస్ నాటకం చూడాలి నువ్వు. గొర్రెల కాపరుల తలపాగాలు నాన్నల తువ్వాళ్లు. దేవదూత రెక్కలు థర్మోకోల్‌వి. ఒకసారి దేవదూత పక్కింటి హిందువుల పాప. బొట్టు తీయనని మొండికేసింది. పాస్టరమ్మగారు నవ్వి "ఉండనివ్వండి" అన్నారు. బొట్టుతోనే వచ్చి మరియమ్మకి శుభవార్త చెప్పింది, ఒక్క మాట తడబడకుండా.

ఈ సెట్టూ వేషమూ మనం కొత్తగా తెచ్చి భక్తిలో కలిపినవి కావే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి పరిచిన తొట్టి పెట్టించి, నిజం ఎద్దునీ గాడిదనీ తెప్పించాడు. బాలయేసు ఎంత లేమిలో పుట్టాడో జనం కళ్లారా చూడాలని ఆయన తపన. ఇవాళ చర్చిల్లో కట్టే పశువుల పాకకి అదే నాంది అంటారు. నన్నడిగితే ఆయన మా పేట ఆర్ట్ డైరెక్టరే!

మన దగ్గర ఆ పని సినిమా చేసింది. 1978లో భీంసింగ్ తీసిన 'కరుణామయుడు' ఊరూరా తెర కట్టి చూపించారు. యేసు అనగానే విజయచందర్ ముఖమే కళ్లముందు మెదిలే తరం మనది. ఆయనే 1986లో షిర్డీ సాయిబాబాగా వచ్చాడు. మా అమ్మమ్మ ఏ తికమకా పడలేదు, ఇద్దరికీ దణ్ణం పెట్టుకుంది.

నాకు చిరాకు శాంటా మీద కాదు. ఆయన పక్కన పిల్లని నిలబెట్టి ఫొటోకింత, బెలూనుకింత అని మాల్‌లో లెక్క కట్టే తంతు చూస్తే ఒళ్లు మండుతుంది. అక్కడికి పాపని తీసుకెళ్లకు.

దానికి బదులు రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని, ఆ శాంటాకి మూలమైన నికోలస్ కథ చెప్పు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి బిషప్పు ఆయన. ముగ్గురాడపిల్లలకి కట్నం ఇచ్చుకోలేక కుమిలిపోతున్న ఓ తండ్రి ఇంట్లోకి, ఎవరికీ తెలియకుండా రాత్రిపూట బంగారు మూటలు విసిరాడని కథ. మన ఇళ్లల్లో ఈ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు కదా! "మరి ఆయనెందుకిచ్చాడమ్మా?" అని పాప అడుగుతుంది చూడు. అప్పుడు పశువుల తొట్టి దగ్గరికి తీసుకెళ్లు.

సెలవులివ్వగానే ఇద్దరూ వచ్చేయండి. పాప మరియమ్మ అవుతానంటే మరియమ్మ, శాంటా అంటే శాంటా, కొట్టులో నేను మాట్లాడి పెడతా. కొలతలు మాత్రం ముందే పంపవే, పిల్లల సైజులు తొందరగా అయిపోతాయి.