ప్రశ్నలు – జవాబులు: కాపురానికి కాగితాలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద వచ్చాయి. కెనడాలో పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లు ఆ బంధాన్ని ఇమ్మిగ్రేషన్ వాళ్ల ముందు ఎలా రుజువు చేసుకోవాలి? అక్కడి చట్టం దీన్ని ‘కామన్ లా’ బంధం అంటుంది. ఒక తల్లిగారి ఉత్తరం కూడా ఉంది. దాన్ని చివర్న పెట్టాను, చదవకుండా పేజీ తిప్పేయకండి.

ప్రశ్న: మేమిద్దరం బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో 16 నెలలుగా కలిసి ఉంటున్నాం. అతనికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది. నాది వర్క్ పర్మిట్, డిసెంబర్‌తో అయిపోతుంది. లీజు అతని పేరు మీదే ఉంది. అద్దె నగదుగా ఇస్తాం. మా ఇళ్లలో తెలియదు కాబట్టి ఎక్కడా ఒక్క ఫొటో కూడా పెట్టలేదు. మా దగ్గర రుజువులే లేవు. స్పాన్సర్‌షిప్ వేయొచ్చా? – ఒక సోదరి, బ్రాంప్టన్

జవాబు: వేయొచ్చు. రుజువులు లేవని మీరనుకుంటున్నారు. ఉన్నాయి, వెతికి తీయాలి.

ఆలుమగల్లాంటి బంధంలో కనీసం ఏడాది పాటు ఒకే ఇంట్లో కాపురమున్నవాళ్లు కామన్ లా పార్ట్‌నర్లని కెనడా నిబంధన. ఇందులో రెండు ముక్కలున్నాయి. ఏడాది పాటు ఒకే చూరు కింద ఉన్నారా అన్నది ఒకటి. ఉన్నది రూమ్మేట్లుగానా, ఆలుమగలుగానా అన్నది రెండోది. మనవాళ్లు రెండోదాని కోసం ఫొటోలు, వాట్సాప్ మాటలు కట్టలు కట్టి పంపించి, మొదటిదాన్ని గాలికొదిలేస్తారు. ఫొటోలు 20కి మించి వద్దని ఇమ్మిగ్రేషన్ వాళ్ల చెక్‌లిస్టే చెబుతుంది. నయాగరా దగ్గర భుజాలు కలిపి దిగిన ఫొటో మీరిద్దరూ ఒకరోజు నయాగరా వెళ్లారనే చెబుతుంది. మార్చి నెలలో మీకొచ్చిన ఫోన్ బిల్లు మీదా, అతని బ్యాంక్ స్టేట్‌మెంట్ మీదా ఒకే అడ్రస్ ఉందనుకోండి, ఆ మార్చి నెలకి సాక్ష్యం దొరికినట్టే.

ఒక తెల్లకాగితం తీసుకుని 16 నెలలూ వరుసగా రాయండి. ప్రతి నెలకీ ఎదురుగా మీ పేరుతో వచ్చిందేమిటి, అతని పేరుతో వచ్చిందేమిటి అని రెండు గళ్లు గీయండి. డ్రైవింగ్ లైసెన్స్, పే స్టబ్‌లు, టీ4 (ఏడాది జీతం, పన్నుల చీటీ), కాలేజీ ఉత్తరాలు, కారు ఇన్సూరెన్స్, ఆన్‌లైన్ ఆర్డర్ల చిట్టా, ఇవన్నీ అడ్రస్ మోసుకు తిరిగే కాగితాలే. ఏ నెల గడి ఖాళీగా ఉందో కనిపిస్తుంది, దాన్ని ఎలా నింపాలో ఆలోచించవచ్చు.

అద్దె నగదుగా ఇచ్చినా జాడ ఉంటుంది. ప్రతి నెలాఖరున ఏటీఎంలో ఒకే మొత్తం తీసి ఉంటే ఆ స్టేట్‌మెంట్లు పెట్టండి. మీ వాటా అతనికి ఇంటరాక్‌లో (బ్యాంకు ఖాతా నుంచి) పంపి ఉంటే ఇంకా మంచిది. ఒంటారియోలో అద్దెకున్నవాళ్లు అడిగితే ఇంటి ఓనర్ ఉచితంగా రసీదులు ఇవ్వాలని చట్టమే ఉంది, మీ భాగస్వామిని మొహమాటపడకుండా అడగమనండి. (ఓనర్ కుటుంబంతో వంటిల్లో, బాత్రూమో పంచుకునేవాళ్లకి ఆ చట్టం వర్తించదు.) మీరు ఏ తేదీ నుంచి ఆ ఇంట్లో ఉంటున్నారో ఓనర్ చేత ఉత్తరం రాయించుకోండి. ఇకనుంచి అద్దె బ్యాంకు ద్వారానే కట్టండి. టెనెంట్ ఇన్సూరెన్స్ ఇద్దరి పేరా తీసుకోండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. పాత తేదీ వేసి లీజులో మీ పేరు చేర్చే ‘సాయం’ చేస్తామనేవాళ్లు ఉంటారు. అబద్ధపు కాగితం పట్టుబడితే ఐదేళ్లు కెనడా తలుపు మూసుకుపోతుంది. నిజమైన కాపురాన్ని దొంగ కాగితంతో నాశనం చేసుకోకండి.

ఇంకో చిక్కు మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. మొన్నటి ట్యాక్స్ రిటర్న్‌లో ఇద్దరూ ‘సింగిల్’ అని వేశారా? పన్ను శాఖ లెక్కలోనూ వరసగా 12 నెలలు కలిసి ఉంటే కామన్ లా కిందే వస్తారు. ఇమ్మిగ్రేషన్‌కి ఒక మాట, పన్ను వాళ్లకి ఒక మాట చెబితే ఏది నమ్మాలి? మీకు 12 నెలలు నిండిన తేదీ చూసుకుని, తప్పుంటే ఇప్పుడే దిద్దించండి. జీఎస్టీ క్రెడిట్ లాంటివి కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. కట్టేయండి.

ఇక ఇంట్లో తెలియకపోవడం. లోకం మిమ్మల్ని జంటగా చూస్తోందా అన్నది ఆఫీసర్ చూసే అంశాల్లో ఒకటి. కానీ లోకమంటే అమ్మానాన్నలే కాదు. పై వాటాలో ఉన్నవాళ్లు, తోటి ఉద్యోగులు, పండగకి భోజనానికి పిలిచే స్నేహితులు మీ గురించి రాయగలరు. ఆఫీసులోనో, డాక్టర్ దగ్గరో ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా ఒకరి పేరు ఒకరు ఇచ్చి ఉంటే ఆ కాగితం తీసుకోండి. ఇంట్లో ఎందుకు చెప్పలేదో మీ మాటల్లో ఒక పేజీ రాయండి. కులమా, చెల్లెలి పెళ్లా, నాన్నగారి ఆరోగ్యమా, ఏది కారణమైతే అదే రాయండి. ఆ ప్రశ్నకి మీరే ముందుగా జవాబిస్తే అది దాపరికంలా కనిపించదు.

డిసెంబర్ దాకా ఆగకండి. దరఖాస్తు అందినట్టు ఉత్తరం వచ్చాక ఓపెన్ వర్క్ పర్మిట్‌కి వేసుకోవచ్చు. ఆ ఉత్తరం రావడానికీ టైం పడుతుంది.

ప్రశ్న: కలిసి ఉండటం మొదలుపెట్టిన ఏడో నెలలో మా నాన్నకి పక్షవాతం వస్తే విజయవాడ వెళ్లి పది వారాలున్నాను. లెక్క మళ్లీ ఒకటో నెల నుంచి మొదలవుతుందా? – మీ పాఠకుడు, కాల్గరీ

జవాబు: అవదు. ఉద్యోగం కోసమో, ఇంట్లో ఆపద వచ్చో కొన్నాళ్లు దూరంగా ఉన్నా, తిరిగి ఆ ఇంటికే వచ్చే ఉద్దేశం ఉంటే కాపురం తెగినట్టు కాదు. మీ తిరుగు టికెట్, నాన్నగారి ఆసుపత్రి కాగితాలు, ఆ పది వారాల్లోనూ మీ వాటా అద్దె కట్టిన ఆధారం పెట్టండి. అయితే నా సలహా, సరిగ్గా 12 నెలలు నిండిన మర్నాడే పరుగెత్తకండి. మరో మూడు నాలుగు నెలలు ఆగి వేస్తే ఈ ప్రశ్నే రాదు.

దరఖాస్తులో ‘ఎప్పటినుంచి కలిసి ఉంటున్నారు’ అన్నచోట ప్రేమించుకున్న రోజు వేయకండి. ఒకే ఇంట్లోకి చేరిన రోజు వేయండి. ఐఎంఎం 5409 అనే ప్రమాణపత్రం మీద నోటరీ ముందు సంతకం పెట్టాలి. అందులోనూ, బంధం వివరాలడిగే ఐఎంఎం 5532 ఫారంలోనూ అదే తేదీ ఉండాలి, పన్ను కాగితాల్లో దానికి 12 నెలలు నిండిన తేదీ ఉండాలి.

ప్రశ్న: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పీఆర్‌కి వేసినప్పుడు మేం కలిసి ఉండి ఎనిమిది నెలలే అయింది. సింగిల్ అని రాశాను, అప్పటికి అది నిజమే. పీఆర్ చేతికొచ్చేసరికి 15 నెలలైంది. ఆమె గురించి చెప్పలేదు. ‘ఏం కాదు, తర్వాత పెళ్లి చేసుకుని స్పాన్సర్ చెయ్యి’ అన్నాడు ఏజెంటు. ఇప్పుడు భయంగా ఉంది. – పేరు వద్దు, మిసిసాగా

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ సలహా వల్ల నష్టపోయినవాళ్లు మీరొక్కరే కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

దరఖాస్తు రోజున మీరు రాసింది నిజం. కానీ పీఆర్ ఖరారయ్యే రోజు దాకా కుటుంబంలో ఏ మార్పు వచ్చినా చెప్పాల్సిన బాధ్యత మీదే. 12 నెలలు నిండిన రోజున ఆమె చట్టం దృష్టిలో మీ కుటుంబ సభ్యురాలైంది. తాళి కట్టారా, సంతకం పెట్టారా అని అది అడగదు. పీఆర్ తీసుకునేటప్పుడు ఎవరి పేరు చెప్పకుండా, వైద్య పరీక్ష చేయించకుండా వదిలేశారో, ఆ మనిషిని తర్వాత స్పాన్సర్ చేయడానికి వీల్లేదని 117(9)(డి) నిబంధన. పెళ్లి చేసుకున్నంత మాత్రాన అది తొలగిపోదు. ఏజెంటుకి ఇది తెలియకపోయి ఉండాలి, లేదా తెలిసీ చెప్పకపోయి ఉండాలి.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇలా పేరు చెప్పకుండా వదిలేసిన కుటుంబ సభ్యుల్లో కొందరికి ఆ అడ్డు తొలగించే ప్రత్యేక విధానం 2019 సెప్టెంబర్‌లో తెచ్చారు, గడువు పొడిగిస్తూ వచ్చారు, కానీ అది శరణార్థులుగానో స్పాన్సర్‌షిప్ మీదో పీఆర్ పొందినవాళ్లకే, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వచ్చిన మీకు వర్తించదు. మానవతా కారణాల మీద మినహాయింపు అడగడం మీకున్న దారి. ముందే చెప్పి ఉన్నా మీ పీఆర్‌కి అర్హత పోయేది కాదని చూపించగలిగితే మేలు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జీవిత భాగస్వామి ఉంటే పాయింట్లు మారతాయి కాబట్టి ఆ లెక్క తిరగేయాలి. పైగా మీ సొంత పీఆర్ మీదే ప్రశ్న లేచే ప్రమాదం ఉంది. అందుకని ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా విని సొంతంగా ఏమీ చేయకండి, నా మాట విని కూడా. ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లండి. కన్సల్టెంట్ దగ్గరికైతే వాళ్ల నియంత్రణ సంస్థ (‘కాలేజ్’) రిజిస్టర్‌లో పేరుందో లేదో మీరే చూసుకుని వెళ్లండి. ఆమె పాత అడ్రస్ చెరిపేసి ‘నిన్నమొన్న కలిశాం’ అని కొత్త కథ అల్లకండి. ఇప్పటిదాకా జరిగింది చెప్పకపోవడం. అలా అల్లితే అబద్ధం చెప్పడమవుతుంది.

ప్రశ్న: గుంటూరు ఫ్యామిలీ కోర్టులో నా విడాకుల కేసు నలుగుతోంది. రెండేళ్లుగా సర్రేలో వేరొకరితో ఉంటున్నాను. విడాకులొచ్చేదాకా ఆగాలా? – ఒక పాఠకురాలు

జవాబు: కామన్ లాకి అక్కర్లేదు. మొదటి కాపురం నిజంగా ముగిసిందని, ఆ తర్వాతే ఈ కాపురం మొదలైందని చూపించాలి. కోర్టు పిటిషన్‌లో విడిపోయిన తేదీ రాసి ఉంటుంది, ఆ ప్రతి పెట్టండి. రెండు కాపురాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడకూడదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో, నా పార్ట్‌నర్ వాంకూవర్‌లో. ఇద్దరం మగవాళ్లం. నాలుగేళ్ల బంధం. అతను ఏటా నెల రోజులు వస్తాడు. నా విజిటర్ వీసా రెండుసార్లు తిరస్కరించారు. ఏడాది కలిసి ఉండే వీలే లేదు. – మీ పాఠకుడు

జవాబు: మీలాంటివాళ్ల కోసమే ‘కాంజుగల్ పార్ట్‌నర్’ అనే వేరే తరగతి ఉంది. కనీసం ఏడాదిగా ఆలుమగలతో సమానమైన బంధం ఉండి, కలిసి ఉండటానికీ పెళ్లికీ బలమైన అడ్డంకులు ఉన్నప్పుడు వర్తిస్తుంది. స్వలింగ వివాహాన్ని చట్టం గుర్తించేలా చేయడం తమ పని కాదని మన సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న తీర్పిచ్చింది, అది జతచేయండి. రెండు వీసా తిరస్కరణ ఉత్తరాలే మీ బలమైన రుజువులు, పారేయకండి. అతని ప్రయాణాల పాస్‌పోర్టు ముద్రలు, ఒకరికొకరు పంపుకున్న డబ్బు, నామినీగా పెట్టిన బీమా కాగితాలు చేర్చండి.

అయితే ఈ తరగతిలో ఆఫీసర్లు చాలా గట్టిగా చూస్తారు. ఇద్దరూ వెళ్లగలిగే దేశం ఉంటే అక్కడ పెళ్లి చేసుకోవడం గురించి కూడా ఆలోచించండి. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి నుంచి స్వలింగ వివాహాలు చట్టబద్ధం. ఆ పెళ్లిలో ఇద్దరూ స్వయంగా ఉండాలి, వీడియోలో చేసుకున్న పెళ్లిని కెనడా ఒప్పుకోదు.

ప్రశ్న: మా అమ్మాయి టొరంటోలో మూడేళ్లుగా ఒకబ్బాయితో ఉంటున్నదని మొన్న ఉగాదికి చెప్పింది. అతను స్పాన్సర్ చేస్తున్నాడట, నన్ను ఉత్తరం రాయమంటున్నది. అబ్బాయి మంచిగనే మాట్లాడుతడు. నేను రాసిస్తే పెళ్లి అయినట్టేనా? రేపు వేరే సంబంధం చూడాల్సి వస్తే అడ్డమొస్తదా? మావారికి ఇంకా తెల్వదు. – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పెళ్లి అయిపోదు. మీకు తెలిసింది చెప్పినట్టవుతుంది, అంతే. మీ అమ్మాయికి పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు ఆమె పోషణ బాధ్యత తనదని ఆ అబ్బాయి సంతకం పెడతాడు. మధ్యలో విడిపోయినా ఆ బాధ్యత పోదు. వేరే సంబంధం గురించి అడిగారు కాబట్టి ఇదీ తెలుసుకోండి. ఇలా వచ్చిన పీఆర్‌తో ఐదేళ్లదాకా ఆమె మరో భర్తను స్పాన్సర్ చేయలేదు. దీని గురించి అమ్మాయితో ఒకసారి మాట్లాడండి, ఆమెకీ తెలియకపోవచ్చు.

రాయాలనుకుంటే మీకు తెలిసినంతే రాయండి. మూడేళ్లుగా తెలుసనొద్దు, ఉగాదికి తెలిసిందనే రాయండి. విన్నప్పుడు బాధపడి ఉంటే అదీ రాయవచ్చు. అబ్బాయి పేరు, వీడియోలో ఎన్నిసార్లు మాట్లాడారు, ఏం మాట్లాడుకున్నారు, అన్నీ రాయండి. ‘మా ఇంట్లో అందరికీ తెలుసు’ అని మాత్రం రాయకండి. మీవారికి ఎప్పుడు చెప్పాలో మీకే బాగా తెలుస్తుంది. ఇంగ్లీషు రాదని సంకోచించకండి, తెలుగులో మీ చేత్తోనే రాయండి. దాన్ని ఇంటివాళ్లు కాకుండా బయటి అనువాదకుల చేత ఇంగ్లీషు చేయించి, వాళ్ల ప్రమాణపత్రం జతచేయాలి. మీ ఆధార్ ప్రతి పెట్టండి. బతుకమ్మకి చీరో, పచ్చడి పార్సిలో ఆ టొరంటో అడ్రస్‌కి ఎప్పుడైనా పంపి ఉంటే, ఆ కొరియర్ రసీదు ఇంట్లో ఎక్కడుందో వెతకండి.