మరువని మైదానం

(వ్యాసం)

పాఠ్యాంశ ఉద్దేశం: ఆటగాని కీర్తి పతకాలలో కంటె ప్రేక్షకుల జ్ఞాపకాలలోనే ఎక్కువ కాలం నిలుస్తుందని, కన్న ఊరు తన బిడ్డలను మరువరాదని విద్యార్థులకు తెలియజేయడం.

పాఠం

కవి గతించినా కావ్యం మిగులుతుంది. శిల్పి గతించినా శిల్పం మిగులుతుంది. మరి ఆటగాని కళ ఎక్కడ మిగులుతుంది? ఈల మోగగానే అంతరించిపోయే కళ అది. దానిని నిలిపి ఉంచేది చూచినవారి జ్ఞాపకమే. ఇందుకు తులసీదాస్ బలరాం జీవితం చక్కని నిదర్శనం.

బలరాం 1936లో సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించారు. ఆయన ప్రతిభను గుర్తించినవారు హైదరాబాద్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. సాధనకు రావడానికి బండి ఖర్చులకైనా లేని ఆ యువకునికి సైకిలు అద్దె రహీమే ఇచ్చేవారని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. ఆ సైకిలు ప్రయాణం చివరకు ఆయనను 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు చేర్చింది. ఆ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానం పొందింది.

1957లో ఆయన కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు. సికింద్రాబాద్ పుట్టినిల్లు కాగా కలకత్తా మెట్టినిల్లయింది. దేశవిభజనతో ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన తూర్పు బెంగాల్ కుటుంబాలకు ఆ జట్టు కేవలం ఒక జట్టు కాదు. పోగొట్టుకొన్న ఊరికి గుర్తు. అది గెలిచిన నాడు వారి ఇళ్లలో ఇలిష్ చేప కూర వండుకోవడం ఆనవాయితీ. మన గోదావరి వాసులు పులస అని ప్రాణంగా చూచుకొనే చేప అదే. తమ భాష కాని, తమ ప్రాంతం కాని ఈ దక్షిణాది యువకుణ్ణి వారు సొంత బిడ్డగా చేసుకొన్నారు. 1961లో బలరాం నాయకత్వంలో ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ విజేతగా నిలిచింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన ఆయన గోల్స్ చేశారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుదిపోరులో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. ఆ సంవత్సరమే అర్జున పురస్కారం లభించింది. తెలుగువారికి కవిత్రయం వలె నాటి భారత ఫుట్‌బాల్‌కు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అనే త్రయం. తక్కిన ఇద్దరికీ పద్మశ్రీ లభించింది, బలరాంకు దక్కలేదు. ఊపిరితిత్తుల అనారోగ్యం వల్ల 1963లో, ముప్పై ఏళ్లు నిండకముందే, ఆయన ఆట విరమించవలసి వచ్చింది.

కలకత్తాలో టెలివిజన్ ప్రసారాలు 1975లో మొదలయ్యాయి. అప్పటికి ఆయన మైదానం విడిచి పన్నెండేళ్లు. అయినా బలరాం పేరు నిలిచింది. బంతి కాలికి అతుక్కొన్నదా అన్నట్లు ఆయన ప్రత్యర్థులను తప్పించుకొని సాగిన తీరును తండ్రులు కొడుకులకు చెప్పారు. తాతలు మనుమలకు చెప్పారు. జానపద గాథ ఒక నోటినుండి మరొక నోటికి చేరినట్లే ఆ ఆట కూడా తరం నుండి తరానికి అందింది. చూడని ఆటను సైతం చూచినట్లు చెప్పుకోగలగడమే అభిమానం.

గంగాతీరాన ఉత్తర్‌పారాలో చివరి దశ గడిపిన బలరాం 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. చునీ, పి.కె. 2020లోనే వెళ్లిపోయారు. త్రయం ముగిసింది. ఆ ఆటను కళ్లారా చూచినవారూ నానాటికి తగ్గిపోతున్నారు. రహీం జీవితం ఆధారంగా 2024లో వచ్చిన 'మైదాన్' చిత్రం వలన కొత్త తరానికి ఆయన పేరు మరల వినిపించింది.

బొలారం వైపు వెళ్లే రైలు అమ్ముగూడలో ఆగుతుంది. అక్కడ దిగేవారిలో ఈ పేరు ఎందరికి తెలుసు? మెట్టినిల్లు గుర్తుంచుకొన్న బిడ్డను పుట్టినిల్లు మరచిపోవడం న్యాయమా? మీ ఇంటి పెద్దలు తాము మెచ్చిన ఆటగాళ్లను గురించి చెప్పినప్పుడు శ్రద్ధగా వినండి. కీర్తిశరీరానికి జరామరణాలు లేవంటారు. అయితే ఆ శరీరానికి ప్రాణం పోసేది చెప్పేవారు, వినేవారు మాత్రమే.

కఠిన పదాలకు అర్థాలు

నిదర్శనం = ఉదాహరణ
ఆనవాయితీ = వాడుకగా వచ్చే ఆచారం
త్రయం = మూడింటి సమూహం
జరామరణాలు = ముసలితనం, చావు

ప్రశ్నలు

1. 'సికింద్రాబాద్ పుట్టినిల్లు కాగా కలకత్తా మెట్టినిల్లయింది' – సందర్భ సహితంగా వివరించండి.
2. ఆటగాని కళకు, కవి కళకు గల భేదాన్ని రచయిత ఎట్లా చూపారు?
3. మీ ఊరిలో పెద్దలు గుర్తుచేసుకొనే ఒక క్రీడాకారుని గురించి అడిగి తెలుసుకొని వ్యాసం రాయండి.