పొలము పనికి పాదరక్షలు

బండి యెద్దు కుంటినచో వెంటనే గిట్ట యెత్తి నాడా అరిగినదేమో చూచు రైతు, తన కాలిలో విరిగిన ముల్లును వారము దినములు అట్లే యుంచుకొని తిరుగును. పట్నమునకు తొడిగిపోవు చెప్పులను పొలము గట్టున విడిచి, వట్టి కాళ్లతో చేనిలో దిగుట మనకు అలవాటు. భూమి తల్లి యను భక్తి కొంత, చెప్పులు పాడగునను పొదుపు కొంత దీనికి కారణములు. కాని పాదములకు అపాయము పట్నపు రోడ్డుపై కంటె పొలములోనే హెచ్చు.

అందు కంటికి కనబడనిది కొంకి పురుగు. బహిర్భూమికి పోయిన తావులలో, నీడయు తేమయు గల నేలలో దీని గ్రుడ్లు పొదిగి, పిల్ల పురుగులు మట్టిలో నుండును. వట్టి కాలు తగిలినచో మెత్తని చర్మమును తొలుచుకొని లోనికి పోవును. అచట కొద్ది దినములు దురద పుట్టును. పిదప మనము మరచిపోవుదుము. పురుగు మాత్రము రక్తములో కలసి, ఊపిరితిత్తుల మీదుగా చిన్నప్రేవులకు చేరి, ఏండ్ల తరబడి రక్తము పీల్చును. ఆయాసము, నీరసము, ముఖము పాలిపోవుట తిండి చాలకనే యని తలచువారు మలపరీక్ష చేయించుకొనుట మంచిది. ఆల్బెండజోల్ మాత్రతో పురుగులు పోవును; మరల వట్టి కాళ్లతో అదే నేల త్రొక్కినచో మరల వచ్చును. మరుగుదొడ్డియు, చెప్పులును తోడైననే మందు చేసిన మేలు నిలుచును.

ఇక ఏ చెప్పులు? హవాయి చెప్పు చౌక, తేలిక. ఇంటి ముంగిటికి బాగుగనే యుండును. మడమను పట్టు పట్టీ లేనందున దానిని వేళ్లతో అదిమిపట్టి నడువవలసివచ్చును; తడి గట్టుపై జారును; తుమ్మముల్లు దానిని సులభముగ దాటివచ్చును. టైరు చెప్పు ముల్లును ఆపును గాని సరిగా వంగదు. అంచు ఒరసి పుండు చేయును. పట్టీ క్రింద మెత్తని తోలు వేయించుకొనవలెను. మెట్ట పనికి వేళ్లను కప్పి, మడమను బిగించు దళసరి అడుగు గల బూట్లు మేలు.

సాయంకాలమునకు పాదము కొంచెము ఉబ్బును. కావున సాయంత్రమే దుకాణమునకు పోయి, రెండు కాళ్లకును తొడిగి, నిలబడి చూచుకొనవలెను. పొడవైన వేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ యుండవలెను. వాడగా సాగునను మాట నమ్మరాదు. సాగులోపల ఆనెకాయ లేచును. చెప్పు మార్చక ఆనెను ఎన్నిసార్లు కోసినను మరల వచ్చును.

దమ్ము చేసిన మడిలో సాధారణపు బూటు కూరుకొనిపోవును. నాట్లు వేయు స్త్రీలకు చెప్పులు తొడుగుమనుట వట్టిమాట. వారు మడి నుండి రాగానే సబ్బుతో కడుగుకొని, వేళ్ల సందులను పొడిగుడ్డతో తుడుచుకొనవలెను. నూనె మడమల పగుళ్లకే గాని వేళ్ల సందులకు రాయరాదు. ఎలుకల మూత్రము కలసిన నీరు పగుళ్లకు తగిలినచో ఎలుకజ్వరము రావచ్చును. జ్వరముతో పిక్కలు నొచ్చినచో, మడిలో దిగిన సంగతి వైద్యునికి చెప్పవలెను.

రాత్రి నీరు పెట్టబోవువారికి పొడుగు రబ్బరు బూట్లు, టార్చి తప్పవు. రక్తపింజరి కాటు హెచ్చుగ పాదములకు, చీలమండలకు పడును. తొడుగుటకు ముందు బూటును బోర్లించి దులిపినచో తేలున్నను బయటపడును. పురుగుమందు చల్లునపుడును ఈ బూట్లే వాడవలెను. పంట్లామును బూటులో దోపక పైకి వదలవలెను. తోలు చెప్పులు మందును పీల్చుకొనును, కడిగినను పోదు.

చక్కెరవ్యాధి గలవారి సంగతి వేరు. నే నెరిగిన ఒక పెద్ద రైతు వేసవిలో వట్టి కాళ్లతో కల్లము చుట్టివచ్చెను. అరికాలు బొబ్బలెక్కి చిట్లినను ఆయనకు తెలియలేదు. గడపపై తడి మరకలు చూచి మనుమరాలు అడిగినది. తుదకు రెండు వేళ్లు తీసివేయవలసివచ్చెను. ఇట్టివారు ఇంటిలోనైనను చెప్పులు విడువరాదు. ప్రతిరాత్రి అరికాలును అద్దములో చూచుకొనవలెను. తొడుగుటకు ముందు బూటులో చేయి పెట్టి రాయి, ముల్లు లేకుండ చూడవలెను. స్పర్శ పోయిన పాదములకు మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు తగినవి. 1950 దశకములో వేలూరున డాక్టరు పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠురోగుల పాదములను కాపాడుటకై ఇట్టి చెప్పులపై కృషి చేసిరి. ఇవి తెగినప్పుడు బాగుచేయువానితో కుట్టుగాని జిగురుగాని వేయుమనియు, మేకులు కొట్టవద్దనియు ముందుగనే చెప్పవలెను.