గల్ఫ్‌కు పోయే ముందు ఒక పూట పాఠం



మన నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల నుంచి కొలువు కోసం గల్ఫ్ పోయేవారు ఎప్పటినుంచో ఉన్నారు. సరుకు చూసుకొని బేరం మాట్లాడుకోవడానికి పది, పదిహేను రోజులు విజిట్ వీసా మీద పోయివచ్చే చిన్న వ్యాపారులూ ఉన్నారు. అక్కడా సలాం ఉంది, నమాజు ఉంది, ఉర్దూ నడుస్తుందన్న ధైర్యంతో బయలుదేరుతారు. దీన్ ఒకటే గాని, దేశాచారం వేరు, చట్టం వేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదటిది సామాను. మన వంటింట్లో గసగసాలు మసాలా దినుసు. యూఏఈలో నిషేధిత వస్తువు. అమ్మ ప్రేమతో కట్టిచ్చిన మసాలా పొట్లమే విమానాశ్రయంలో కేసు కావచ్చు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోరాదు.

రెండవది రోజులు. సౌదీలో 2013 నుంచి వారపు సెలవు శుక్ర, శనివారాలు. యూఏఈ ప్రభుత్వ కార్యాలయాలకు 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒక పూటే పని. షార్జాలో శుక్రవారమూ సెలవే. ఇది చూసుకోకుండా టికెట్ కొంటే ఉన్న పది రోజుల్లో కొన్ని వృథా అవుతాయి.

మూడవది మర్యాద. పలకరింపులు, ఖహ్వా అయ్యాకే బేరం. ఫింజాన్‌ను కుడిచేత్తో అందుకోవాలి. చాలనుకుంటే కొద్దిగా ఊపి తిరిగి ఇవ్వాలి. స్త్రీలు తాముగా చేయి చాపితే తప్ప మనం చాపరాదు. అడగకుండా ఎవరి ఫొటో తీయరాదు.

నాలుగవది వీసా. విజిట్ మీద పోయి పనిలో చేరడం చట్టవిరుద్ధం. "ముందు పో, అక్కడ మార్చుకుందాం" అనే ఏజెంటు మాట నమ్మరాదు.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో కొలువుకు పోయేవారికి విదేశాంగ శాఖ ఒక రోజు ఉచిత శిక్షణ ఏర్పాటు చేసింది. నాలుగు రోజుల పనిమీద పోయే వ్యాపారి ఆ లెక్కలోకి రాడు. అతని కోసం, మతభేదం లేకుండా అందరికీ, ఆదివారం ఒక పూట తరగతి నడపాలని మా సంకల్పం. గల్ఫ్‌లో ఏళ్లు గడిపి వచ్చిన మన పెద్దలే పాఠం చెబుతారు.

దీనికి జకాత్ అడగడం లేదు, అది హక్కుదారులది. కూర్చునే చోటు, కరపత్రాల అచ్చు ఖర్చు సదఖాగా భరిస్తే చాలు. ఒక్క పొట్లం గసగసాలు ఒక్క ఇంట్లో ఆగినా, ఆ ఇంటి దువా మీకు దక్కుతుంది, ఇన్షా అల్లాహ్.