జమాఖర్చుల పాఠము: ఒక యింటిలో మూడు వ్యాపారములు

షోలాపూరులో మేమెరిగిన మన నేత కుటుంబములలో ఒక్క పని మీదనే ఆధారపడి బ్రతుకుచున్నవి అరుదు. వెనుక షెడ్డులో సాంచెలు ఆడుచుండును. వీథి వైపున నూలు దుకాణము. పేటలో కోడలు చూచుకొను తువ్వాళ్ల అంగడి. మేడ మీద గదుల అద్దె, ఆడవారి బీడీల కూలి వేరు. భివండిలోను, బళ్ళారిలోను, బరంపురపు పట్టుమగ్గముల యిండ్లలోను సరుకు మారునుగాని సంసారపు తీరు ఇంచుమించు ఇదే. వ్యాపారములు మూడైనను గల్లాపెట్టె ఒక్కటే. చిట్టాయు ఒక్కటే, అదియు సగము యజమాని తలలో, సగము గోడ క్యాలెండరు మీద.

మూడు వ్యాపారములకు మూడు చిట్టాలు వ్రాయవలెనని చెప్పుట సులభము. చాలమంది ఉగాదికి మూడు పుస్తకములు కొందురు, పసుపు కుంకుమ పెట్టుదురు, ఆషాఢము నాటికి రెండు పుస్తకములు తెల్లగానే మిగులును. దీనికి సోమరితనము కారణము కాదు. ఒక వ్యాపారమునుండి మరియొక దానిలోనికి సరుకో సొమ్మో పోయినప్పుడు ఏ పుస్తకములో ఏమి వ్రాయవలెనో తెలియక కలము ఆగిపోవును. కావున ఈ పాఠములో ముఖ్యముగా ఆ ఒక్క సంగతినే తీసికొనుచున్నాము.

లెక్క కొరకు ఒక కుటుంబమును ఊహించుకొందము. వారికి షెడ్డు, నూలు దుకాణము, తువ్వాళ్ల అంగడి ఉన్నవి. ఒక నెలలో నూలు దుకాణము పై వారికి 3,00,000 రూపాయల నూలు అమ్మినది. స్వంత షెడ్డుకు 1,20,000 రూపాయల నూలు పంపినది. ఆ నూలంతయు కలిపి కొనుగోలు ఖరీదు 3,99,000. దుకాణపు అద్దె, హమాలీ 9,000. షెడ్డులో కూలి 52,000, కరెంటు 14,000, సైజింగు, రంగు, రిపేర్లు 20,000. నేసిన తువ్వాళ్లలో 1,60,000 రూపాయల సరుకు బయటి వ్యాపారి తీసికొన్నాడు. 40,000 రూపాయల సరుకు స్వంత అంగడికి వెళ్లినది. అంగడిలో అది 55,000కు అమ్ముడుపోయినది. అంగడి ఖర్చు 7,000. నెల మొదటనున్న నిలవ సరుకే నెల చివరను ఉన్నదనుకొందము. బాకీలన్నియు వసూలైనవనుకొందము. (ఇది లెక్కలోనే సాధ్యము!)

ఒక్క చిట్టా వ్రాయు యింటిలో ఏమి కనబడును? బయటి నుండి వచ్చినది 5,15,000, బయటికి పోయినది 5,01,000, మిగులు 14,000. యజమాని సంతోషించును. షెడ్డు రాత్రింబగళ్లు చప్పుడు చేయుచుండును గనుక ఆ 14,000 సాంచెలే తెచ్చినవని అతనికి తోచును. బ్యాంకు అప్పు తెచ్చి మరి రెండు సాంచెలు వేయింపవలెనని కూర్చుండును.

ఇప్పుడు విడదీసి వ్రాయుదము. నూలు దుకాణమునకు అమ్మకము మొత్తము 4,20,000, ఖర్చు 4,08,000, లాభము 12,000. అంగడికి 55,000లో సరుకు ఖరీదు 40,000, ఖర్చు 7,000 పోగా లాభము 8,000. షెడ్డుకు రాబడి 2,00,000. నూలుతో కలిసి ఖర్చు 2,06,000. నష్టము 6,000. మొత్తము అదే 14,000. కాని చప్పుడు చేయునది నష్టములో నున్నది, చప్పుడు చేయనివి రెండును దానిని మోయుచున్నవి.

దీనికి వ్రాయవలసిన పద్దులు రెండే. నూలు వెళ్లిన దినముననే నూలు దుకాణపు చిట్టాలో షెడ్డు పేర ఖర్చు 1,20,000. షెడ్డు చిట్టాలో నూలు దుకాణము పేర జమ 1,20,000. పై వానికి సరుకిచ్చినప్పుడు ఏమి వ్రాయుదుమో అదే, తేడా లేదు. నెలాఖరున రెండు ఆవర్జాలు ఎదురెదురుగా పెట్టినచో ఒకదానిలోని బాకీ రెండవదానిలోని జమతో సరిపోవలెను. సరిపోకున్న ఏదో ఒక బండెడు నూలు వ్రాయకుండ గడప దాటినదన్నమాట. మా అనుభవములో ఈ తేడా ఎక్కువగా ఆదివారపు సరుకులో వచ్చును. గుమాస్తా రాడు, పిల్లవాడు వచ్చి తీసికొనిపోవును.

ఏ ధరకు వ్రాయవలెనను ప్రశ్న తప్పక వచ్చును. స్వంత షెడ్డుకు లాభము వేసికొనుట ఏమిటి, కొన్న ధరకే వ్రాయుదమని పెద్దలు అందురు. పై లెక్కలో కొన్న ధరకు వ్రాసిన ఆ నూలు 1,14,000 అగును. షెడ్డుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. నూలు దుకాణపు లాభము 6,000కు దిగును. ఇంటికి ఒరిగినది 14,000లో మార్పు లేదు. అయినను ఆ దినము బజారు ధరకే వ్రాయుట మేలని మా అభిప్రాయము. పొరుగు దుకాణములో కొనియుంటే షెడ్డు ఎంత ఇచ్చెడిదో అంతయే వ్రాసినప్పుడుగదా షెడ్డు తన కాళ్ల మీద నిలువగలదో లేదో తెలియును. ఏ ధరయైనను సరే, ఏడాది పొడుగున ఒక్కటే పద్ధతి ఉండవలెను. లాభము తక్కువైన నెలలో పద్ధతి మార్చువారిని చూచినాము.

ఇంతకన్న పెద్ద తప్పు మరియొకటి కలదు. పై కూలి 52,000లో ఇంటివారి కూలి లేదు. ఇద్దరు కొడుకులు రెండు పూటలు సాంచెల మీద నిలబడుదురు, అత్తగారు కండెలు చుట్టును. మన వారు దీనిని పనియని వ్రాయరు. వారి స్థానమున పై మనిషిని పెట్టిన ఎంత ఇయ్యవలెనో లెక్క వేసినచో షెడ్డు నష్టము ఆరు వేలతో ఆగదు. ఆ కూలి నగదుగా చేతికి ఇచ్చినను, ఇంటి చిట్టాకు జమ చేసినను, షెడ్డు పుస్తకములో మాత్రము పద్దు పడవలెను.

అంతమాత్రమున సాంచెలు పాతసామాను వానికి తూచి యియ్యవలెనని కాదు. షెడ్డు లేకున్న నూలు దుకాణమునకు నెలకు 1,20,000 రూపాయల ఖాతాదారు పోవును, అంగడికి చేతి క్రింది సరుకు పోవును. అది చూచికొని నిర్ణయించుకొనవలసిన సంగతి. కాని మరి రెండు సాంచెలకు అప్పు తెచ్చుటకు ముందు ఈ లెక్క కంటికి కనబడవలెను.

మా యింటి సంగతి కూడ చెప్పుకొందుము. మా తండ్రిగారు సాంచెలు, నూలు వ్యాపారము ఒక్క చిట్టా మీదనే నడిపిరి. అక్షరము ముత్యమువలె ఉండెడిది. ఒక్క పైసా తప్పు లేదు. వారు పోయిన తరువాత షెడ్డు స్థలమును గూర్చి మాట వచ్చినది. నూలు దుకాణములో కూర్చుండిన అన్నగారు అది దుకాణపు లాభముతో కొన్నదనిరి. సాంచెల మీద నిలబడిన మేము అది మా చెమటయంటిమి. చిట్టాలో ఒకే ఒక పద్దున్నది: షెడ్డు స్థలమునకు రెండు లక్షలు. ఏ వ్యాపారమునుండి తీసినది లేదు. చేబదులా, పెట్టుబడియా అన్నది లేదు. నాలుగేండ్లు ఒక గోడకు ఇరువైపుల ఉండియు ఒకరి యింట ఒకరము భోజనము చేయలేదు. చివరకు స్థలము సగము సగము పంచుకొంటిమి. ఎవరి మాట నిజమో ఈనాటికిని మాకు తెలియదు. ఆ పద్దు ప్రక్కన మరి రెండు మాటలుండిన తెలిసియుండెడిది.

ఇక చట్టము సంగతి. మూడు వ్యాపారములు ఒక్క మనిషి పేరనే ఉన్నచో పాన్ నంబరు ఒక్కటే. ఒక రాష్ట్రములో ఒక్క జి.ఎస్.టి. రిజిస్ట్రేషను క్రింద మూడింటిని చూపుకొనవచ్చును. అప్పుడు దుకాణమునుండి షెడ్డుకు వెళ్లు నూలు అమ్మకము కాదు, దానికి పన్ను బిల్లు అక్కరలేదు. డెలివరీ చలానా చాలును. మన చిట్టాలో వేసికొన్న బజారు ధర మన తెలివి కొరకే. కాని దుకాణము అన్నపేర, షెడ్డు తమ్ముని పేర, అంగడి కోడలి పేర ఉన్నచో చట్టము దృష్టిలో వారు వేరువేరు మనుష్యులు. రిజిస్ట్రేషను గలవారి మధ్య కదలిన సరుకునకు నిజమైన బిల్లే ఉండవలెను. వారి మధ్య 20,000 గాని అంతకు మించి గాని చేబదులు నగదుగా పుచ్చుకొనరాదు; బ్యాంకు ద్వారానే జరుగవలెను. షోలాపూరులో ఒకటి, హైదరాబాదులో ఒకటి దుకాణములున్నవారికి ఒకే పేరైనను రెండు రాష్ట్రములలో రెండు రిజిస్ట్రేషనులు కావలెను; వాటి మధ్య పంపు సరుకునకును పన్ను పడును.

రిజిస్ట్రేషను హద్దు విషయమున మన వారు తరచు పొరబడుదురు. సరుకు అమ్మువారికి మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఒడిశాలలో సాలుకు 40 లక్షలు హద్దు. యానాము పుదుచ్చేరిలోనిది గనుక అచ్చట 20 లక్షలే. ఈ హద్దు ఒక్కొక్క దుకాణమునకు కాదు; ఒక పాన్ క్రింద నున్న వ్యాపారములన్నిటి అమ్మకములు కలిపి చూతురు. పరరాష్ట్రమునకు సరుకు అమ్మువారికి సాధారణముగా ఈ హద్దు వర్తింపదు.

బిల్లులు విడదీసి ఉంచుటకు మరియొక గట్టి కారణము కలదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము సూక్ష్మ, చిన్న సంస్థలనుండి సరుకు కొన్నవాడు ఒప్పుకొన్న గడువులోపల, అది ఎంతైనను 45 దినములు మించకుండ, సొమ్ము చెల్లింపవలెను; వ్రాతమూలకమైన ఒప్పందము లేకున్న 15 దినములే. తప్పినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా పడును. 2024-25 అసెస్‌మెంటు సంవత్సరమునుండి ఆదాయపు పన్ను చట్టమును దీనికి తోడైనది. గడువు దాటించిన కొనుగోలుదారునికి ఆ ఖర్చు సొమ్ము చెల్లించిన సంవత్సరముననే లెక్కకు వచ్చును. కాని ఈ రక్షణ ఉద్యమ్ రిజిస్ట్రేషను పొంది సరుకు తయారుచేసినవారికే. కొని అమ్మినవారికి కాదు. అనగా షెడ్డులో నేసిన తువ్వాళ్ల బాకీకి అడుగవచ్చును, నూలు దుకాణపు బాకీకి అడుగలేము. రెండు సరుకులు ఒకే బిల్లు మీద కలిపి వ్రాసి పంపినవారు తరువాత దేనికి ఎంత బాకీయని విడదీసి చూపలేక చిక్కుపడుదురు. కావున నేసిన సరుకునకు వేరు బిల్లు పుస్తకము, దాని వరుస నంబర్లు వేరు. బిల్లుతోపాటు సరుకు ముట్టినట్లు కొన్నవాని సంతకమున్న చలానా కూడ కుట్టి ఉంచవలెను. సంతకము లేని చలానాతో బయటి వ్యాపారి దగ్గరకు పోయిన, సరుకెప్పుడు వచ్చినదని అడుగును.

కాగితములు కట్టలు కట్టుటకు మేము అనుసరించు పద్ధతి నేతవానికి ఖర్చు లేనిది. షెడ్డు కాగితములు నీలపు నూలుతో, దుకాణపువి ఎర్ర నూలుతో, అంగడివి పసుపు నూలుతో కట్టుదుము. ఇంటి ఖర్చులకు తెల్ల నూలు. చదువురాని అత్తగారికి కూడ నీలపు కట్ట తెమ్మన్న తెలియును. నెలకు ఒక కట్ట, కట్ట మీద అట్టముక్క, దాని మీద నెల, సంవత్సరము. జి.ఎస్.టి. లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు ఉంచవలెను. తగవు నడుచుచున్న సరుకు కాగితములు అది తీరిన తరువాత కూడ ఒక ఏడాది ఉంచవలెను. స్థలము, సాంచెలు, బ్యాంకు అప్పు కాగితములు ఏనాడును పారవేయరాదు. మిషను మీద వచ్చు నున్నని కాగితపు రసీదులు కొన్ని నెలలలో వెలిసిపోవును. వచ్చిననాడే జిరాక్సు తీయింపవలెను.

సెల్‌ఫోను వచ్చిన తరువాత కొత్త చిక్కు వచ్చినది. మూడు దుకాణములలోను ఒకే క్యూఆర్ పలక అతికించి, అదియు పెద్దకుమారుని సొంత ఖాతాది ఉంచుచున్నారు. తువ్వాలు అమ్మిన సొమ్ము, నూలు బాకీ, స్నేహితుడు తిరిగి ఇచ్చిన టీ డబ్బులు ఒకే కాలువలో పారును. ఎంత శ్రద్ధగల గుమాస్తాయైనను వాటిని విడదీయలేడు. ఒక్కొక్క వ్యాపారమునకు వేరు ఖాతా, వేరు పలక ఉండవలెను. ఇంటి ఖర్చునకు నెల మొదట ఒక మొత్తము ఇంటి చిట్టాకు ఇచ్చి, ఆ నెలలో గల్లాపెట్టెలలో చేయి పెట్టకుండుట మంచిది. ఇది మగవారికన్న ఆడవారు బాగుగా పాటింతురని మేము చూచినాము.

ప్రారంభించుటకు ఏప్రిల్ 1 తగిన దినము. పూర్వము కొందరము ఉగాదికి, మరాఠీ వ్యాపారులతో పొత్తున్నవారము దీపావళి పాడ్యమికి లెక్క తెరచెడివారము. పన్నులకు మాత్రము 1989నుండి అందరికి ఏప్రిల్–మార్చి సంవత్సరమే. పూజ ఉగాదికే చేసికొనవచ్చును. మార్చి 31 రాత్రి సాంచెలు ఆపి నిలవ వ్రాయవలెను. నగదు, బ్యాంకు నిలవ, రావలసిన బాకీలు, ఇయ్యవలసినవి. నూలు బండళ్లు లెక్కించి, నంబరు వారీగా. చిలపల నూలైన బండెడు 4.54 కిలోలు, 40 నంబరు ఒంటిపోగు నూలైన 400 చిలపలు ఉండవలెను. విప్పిన బండలును వదలక తూచవలెను.

సాంచె మీద సగము నేసిన బీమును ఎట్లు వ్రాయవలెనని చాలమంది అడిగియున్నారు. బీము మీదికెక్కిన పడుగు నూలు ఖరీదు, సైజింగు ఖర్చు మొదట తీసికొనవలెను. ఎన్ని గజములు నేసినది, ఎన్ని మిగిలినది చూచి, నేసిన భాగమునకు మాత్రము పేక నూలు, కూలి చేర్చవలెను. మిగిలిన భాగమునకు పడుగు, సైజింగు మాత్రమే. నేయని గజములకు కూలి వేసినచో పాత సంవత్సరములో లేని లాభము పుట్టును. సాంచె నంబరు, గజములు సుద్దతో బీము ప్రక్కనే వ్రాసి, తెల్లవారి సాంచె కదలక మునుపే చిట్టాలోకి ఎక్కింపవలెను.