చిన్న క్లిప్పు – పెద్ద చక్రం

పాతకాలపు కార్ల చక్రం నడుమ, గిన్నె బోర్లించినట్లు మెరిసే మూత ఒకటి ఉంటుంది. దానిని హబ్ క్యాపు అంటారు. చక్రపు బోల్టులకు, నడుమనున్న గ్రీజుకు బురద, నీరు తగలకుండా కాపాడటం దాని పని. చక్రానికి అందం రావటం అదనపు లాభం.

ఈ మూతకు పైనుంచి మర గాని బోల్టు గాని కనిపించదు. అయినా కారు వేగంగా పోతున్నప్పుడు అది ఊడి పడదు. దానిని పట్టి ఉంచేది ఏమిటి?

జర్మనీలో పుట్టిన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారును ఉదాహరణగా తీసుకుందాం. 2003లో మెక్సికోలో చివరి కారు తయారయ్యేనాటికి ఇవి 2 కోట్ల 15 లక్షలకు పైగా బయటికి వచ్చాయి. ఈ కారు చక్రపు రేకుకు వలయాకారంలో కొన్ని చిన్న ఉక్కు క్లిప్పులను రివెట్లతో బిగిస్తారు. మూతను అరచేతితో గట్టిగా తట్టినప్పుడు దాని అంచు ఈ క్లిప్పులను లోపలికి వంచుతుంది. అంచు దాటిపోగానే క్లిప్పులు తిరిగి బయటికి సాగి మూతను లోపలినుంచి పట్టుకుంటాయి. వంగిన ఉక్కు మళ్ళీ తన పాత ఆకారానికి రావాలని చూడటమే ఇక్కడ పనిచేసే బలం. ఈ గుణాన్నే స్థితిస్థాపకత అంటాం.

వస్తువు ఎంత సాగితే, అది వెనక్కి లాగే బలం అంత పెరుగుతుందని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. అయితే దీనికి ఒక హద్దు ఉంది. దానిని స్థితిస్థాపక అవధి అంటారు. ఆ హద్దు దాటి వంచితే లోహం ఇక పాత ఆకారానికి రాదు.

ఇది మీరే పరీక్షించవచ్చు. కాగితాలకు పెట్టే జెమ్ క్లిప్పును తీసుకొని కొంచెం తెరిచి వదలండి. అది తిరిగి మూసుకుంటుంది. ఈసారి బాగా విప్పండి. విప్పినట్లే ఉండిపోతుంది. ఇప్పుడు దానిని ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోండి. ఆ చోటు వెచ్చబడుతుంది. కొద్దిసేపటికి పుటుక్కున తెగుతుంది. తెగిన కొన గుచ్చుకోకుండా జాగ్రత్త!

కారు క్లిప్పుకు జరిగేదీ ఇదే, కాని చాలా నెమ్మదిగా. కారు బరువు మోసే చక్రపు రేకు దొర్లేటప్పుడు మన కంటికి తెలియనంత కొంచెంగా వంగుతూ, సర్దుకుంటూ ఉంటుంది. దానితోపాటు క్లిప్పుల మీద ఒత్తిడి మారుతూ ఉంటుంది. బీటిల్ టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే కిలోమీటరుకు 500 చుట్లు. కారు 10,000 కిలోమీటర్లు నడిస్తే 50 లక్షల చుట్లు! ఒక్కసారికి ఏమీ కాని ఒత్తిడి కూడా లక్షలసార్లు పడితే లోహాన్ని విరగగొట్టగలదు. దీనినే లోహపు అలసట అంటారు. రైలు ఇరుసులు విరగటానికి కారణం వెతుకుతూ జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దంలో దీనిని ఏళ్ళ తరబడి పరిశోధించాడు. బీటిల్ క్లిప్పుకు అలసటతోపాటు తుప్పు కూడా శత్రువే.

క్లిప్పు బలహీనపడితే మొదట మూత గలగలమని చప్పుడు చేస్తుంది. తరువాత ఒకనాడు ఊడిపోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 500 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఊడిన ఉక్కు మూత రోడ్డు మీద పళ్ళెంలా దొర్లిపోయి, పక్కన సైకిలు మీద వెళ్ళేవారిని గాయపరచవచ్చు.

కొందరు పాత క్లిప్పునే పట్టకారుతో బయటికి వంచి సరిపెడతారు. అప్పటికి మూత బిగిసినట్లే ఉంటుంది. కాని ఆ క్లిప్పు అవధి దాటి వంగింది. జెమ్ క్లిప్పులాగే అది త్వరలో విరుగుతుంది. ఇంకొందరు దానిని మంటలో కాల్చి వంచుతారు. ఇది మరీ తప్పు. స్ప్రింగు ఉక్కును కాల్చి, ముంచి చల్లార్చి, మళ్ళీ తగినంత వేడిచేసి దానికి ఆ గుణం తెప్పిస్తారు. ఎర్రగా కాల్చి ఊరకే చల్లారనిస్తే ఆ గుణం పోతుంది. కాబట్టి కొత్త క్లిప్పు వేయటమే సరైన దారి.

ఇది పెద్దలు చేయవలసిన పని. కారును చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టాలి. వంచిన తీగ కొక్కెంతో మూతను లాగి తీయాలి. చక్రం నేల మీద ఉన్నప్పుడే బోల్టులను కాస్త వదులు చేయాలి. తరువాత జాకీతో ఎత్తి, కారు కింద గట్టి స్టాండు పెట్టి చక్రం ఊడదీయాలి. కళ్ళద్దాలు పెట్టుకొని పాత రివెట్టు తలను డ్రిల్లుతో తొలిచి, మిగిలిన ముక్కను కొట్టి బయటికి నెట్టాలి. తుప్పు గీకి రంగు వేయాలి. అది ఆరాక కొత్త క్లిప్పు పెట్టి, రివెట్టు తలను దాగలికి ఆనించి, రెండో కొనను సుత్తితో అణచాలి. రివెట్టు బదులు పెద్ద తల ఉన్న బోల్టు వాడరాదు. అది వెనుకవైపు పొడుచుకొని వస్తే చక్రం బ్రేకు డ్రమ్ముకు సమంగా ఆనదు. ఒక చక్రానికి ఉన్న క్లిప్పులన్నీ ఒకేసారి మార్చటం మంచిది. ఒకటి అలసిందంటే తక్కినవీ దాదాపు అంతే తిరిగాయి గదా!

మూతను తిరిగి పెట్టేటప్పుడు కొన్ని క్లిప్పుల మీద ముందుగా ఆనించి, మిగిలిన అంచు దగ్గర అరచేతితో తట్టాలి. నడుమ కొడితే మూత సొట్టపోతుంది.

మీకొక లెక్క: మీ సైకిలు చక్రం చుట్టుకొలతను దారంతో కొలవండి. ఇంటినుంచి బడికి వెళ్ళి రావటానికి అది రోజుకు ఎన్ని చుట్లు తిరుగుతుంది? ఒక సంవత్సరానికి ఎన్ని? ఆ జవాబు చూశాక చక్రపు ఊచలను ఒక్కొక్కటే తట్టి చూడండి. వదులైనది వేరే మోత మోగుతుంది. దానిని వెంటనే బిగింపించుకోండి.