‘అయిపోయింది’ అన్న ఒక్క మాట

సమస్య

ఆర్యా,

విద్యానగరు రైల్వే స్టేషనుకు కూతవేటు దూరమున మా తండ్రిగారు కట్టించిన రెండంతస్తుల ఇంట నివసించుచున్నాను. నా వయస్సు ఏబదియారు. ఒక బ్యాంకులో ఉద్యోగము. పదవీ విరమణకు ఇంక నాలుగేండ్లు గడువున్నది. కుమార్తెకు వివాహమై బెంగుళూరులో కాపురమున్నది. ఇంట మిగిలినవారము ముగ్గురము: నేను, నా భార్య, ఇరువదియేడేండ్ల మా అబ్బాయి. ఆ అబ్బాయితో మాట్లాడలేకపోవుటయే నేను మీకు విన్నవింపబూనిన బాధ.

వార్తాపత్రిక, క్రీడలు – ఈ రెండింటి యందును నాకు గల వ్యామోహము మా తండ్రిగారి నుండి సంక్రమించినది. వారు నారాయణగూడలోని ఒక పాఠశాలలో తెలుగు పండితులు. హైదరాబాదు ఇంకను వేరు రాష్ట్రముగా ఉన్న 1955 నవంబరులో, ఫతేమైదానమున న్యూజిలాండుతో జరిగిన టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకము సాధించిన మొదటి భారతీయుడుగా నిలిచిన ఆ ఆటను వారు పదునేడేండ్ల ప్రాయమున స్వయముగా చూచి వచ్చి, ఆ ముచ్చటను బ్రతికియున్నంత కాలము చెప్పుచునే ఉండిరి. ఆనాటి టిక్కెట్టు ముక్క నేటికిని మా బీరువాలో పాత పంచాంగముల నడుమ భద్రముగా ఉన్నది. 1987లో నేను ఇంటర్మీడియట్ చదువుచుండగా, ఢిల్లీ జట్టును దాని సొంత మైదానముననే ఓడించి హైదరాబాదు రంజీ ట్రోఫీ గెలిచిన వార్తను తండ్రీకొడుకులము ఒకే పత్రికను చెరియొక కొసన పట్టుకొని చదివితిమి. ఆయన నన్ను దగ్గరకు తీసికొని కుశలమడిగిన జ్ఞాపకము లేదు. స్కోరు ఎంతరా అని అడుగుటయే ఆయన పలకరింపు. నాకును అంతకు మించిన పలకరింపు చేతగాలేదు.

మా అబ్బాయి ఇంజనీరింగు చదివి, గచ్చిబౌలిలో దొరికిన ఉద్యోగమును ఏడాదికే మానుకొని, తెలంగాణ గ్రూప్-1 పరీక్షకు చదువుచున్నాడు. 2022లో 503 పోస్టులకు ప్రకటన వెలువడగా అక్టోబరు 16న ప్రిలిమ్స్ వ్రాసినాడు. ప్రశ్నపత్రములు ముందే పొక్కినవని అది రద్దయినది. 2023 జూన్ 11న మరల వ్రాసినాడు. న్యాయస్థానమున అదియును రద్దయినది. 2024లో 563 పోస్టులకు క్రొత్త ప్రకటన రాగా జూన్ 9న మూడవసారి వ్రాసి, ఉత్తీర్ణుడై, ఆ అక్టోబరులో మెయిన్స్ కూడ వ్రాసినాడు. 2025 మార్చిలో ఫలితములు వచ్చినవి. ఎంపికకు చాలినన్ని మార్కులు మావానికి రాలేదు. ప్రతిదినము ఉదయము ఏడు గంటలకు వాళ్ళమ్మ కట్టియిచ్చిన టిఫిన్ డబ్బాను సంచిలో పెట్టుకొని, శంకరమఠము, బాగ్‌లింగంపల్లి మీదుగా నడచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోవును. రాత్రి తొమ్మిదింటికి తిరిగి వచ్చును.

2025 ఆగస్టు 3 ఆదివారమునాడు మాత్రము ఇంటనే ఉండి, భోజనపు బల్ల వద్ద నోట్సు వ్రాసికొనుచు ఒక కంట నాతోపాటు ఇంగ్లండుతో జరుగుచున్న ఓవల్ టెస్టు చూచుచుండెను. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద నుండగా లేపిన బంతిని మన సిరాజ్ చక్కగా పట్టి, ఒక్క అడుగు వెనుకకు తూలి బౌండరీ తాడుమీద కాలు మోపినాడు. వికెట్టు కావలసినది సిక్సరయినది. నేను టీవీ కట్టివేసి, “అయిపోయింది. ఇంక వీళ్ళ వల్ల కాదు” అంటిని. అబ్బాయి పుస్తకము మూసి గదిలోనికి పోయెను.

మరునాడు ఇంగ్లండు నాలుగు వికెట్లు చేతనుంచుకొని 35 పరుగులు చేయవలసియుండగా, ఆ సిరాజే మూడు వికెట్లు కూల్చి 6 పరుగుల తేడాతో గెలిపించెను. నేను బ్యాంకు నుండి వచ్చుచు బాదుషాలు కొని తెచ్చి, అబ్బాయి గుమ్మమున అడుగు పెట్టుటతోడనే ఆ కథ చెప్పబోతిని. అతడు చెప్పులు విప్పుచునే, “ఆరు పరుగులు, ఓవల్, సిరీస్ 2–2, ట్రోఫీ పేరు ఆండర్సన్–టెండూల్కర్, ఆ పేరుతో ఆడడం ఇదే మొదటిసారి. రాసుకున్నాను నాన్నా, బిట్ వస్తుంది” అనెను. ఎన్నికల మాట యెత్తినను ఇంతే. యుద్ధముల మాట యెత్తినను ఇంతే. నేను నొచ్చుకొనగా, “మీకు అది కాలక్షేపం నాన్నా, నాకు మార్కులు” అని స్నానమునకు పోయెను.

పిమ్మట సెప్టెంబరు 9న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము ఆ ఫలితములను కొట్టివేయగా అబ్బాయి ముఖమున చాలకాలమునకు కళ వచ్చినది. 24న ద్విసభ్య ధర్మాసనము ఆ తీర్పును నిలుపుదల చేసినది. మూడు దినములకు ఎంపికైనవారికి నియామక పత్రములును అందినవి. ఆ 24వ తేదీ రాత్రి అన్నము కలుపుకొనుచు నేను, “ఇక చాల్లేరా, ఏదో ఒక ఉద్యోగం చూసుకో” అంటిని. కంచములో చేయి కడుగుకొని లేచిపోయెను. పెరుగన్నము అట్లే మిగిలినది. నాటి నుండి ఆ, ఊఁ అనుటయే గాని మాట లేదు. “వాణ్ణి కదిలించకండి నాన్నా” అని కుమార్తె ఫోనులో చెప్పుచున్నది. “మీరు గట్టిగా చెప్పకపోతే ఎవరు చెప్తారు” అని నా భార్య కన్నీరు పెట్టుకొనుచున్నది. ఈ చదువు మానుమని చెప్పుట తండ్రిగా నా విధియా, మౌనముగా ఉండుట మేలా? వాని ప్రక్కన కూర్చుండి మాట్లాడు భాగ్యము నాకు మరల ఎట్లు కలుగును?

– ఒక తండ్రి, విద్యానగర్

సలహా

అయ్యా,

మీ లేఖలో మీరు త్వరగా దాటిపోయిన ఒక వాక్యము వద్ద నేను చాలసేపు నిలిచిపోతిని. సిరాజ్ కాలు తాడుమీద పడిన సాయంత్రము మీరు టీవీ కట్టివేసి “అయిపోయింది. ఇంక వీళ్ళ వల్ల కాదు” అంటిరి, అబ్బాయి పుస్తకము మూసి లోనికి పోయెను. మీరన్నది సిరాజును గూర్చి. విన్నవాడు మాత్రము తనను గూర్చియే విన్నాడు. మూడేండ్లలో రెండుసార్లు అతని చేతికి చిక్కిన బంతి, అతని దోషమేమియు లేకుండగనే తాడు దాటినది; ఆ తాడును జరిపినవారు వేరు. అట్టివాని యెదుట, అతడు పుస్తకము పట్టుకొని కూర్చున్న బల్లకు నాలుగడుగుల దూరమున, కన్నతండ్రి పలికిన ఆ మాట మైదానము వరకు పోలేదు; ఆ గదిలోనే నిలిచిపోయినది. మరునాడు ఆ సిరాజే గెలిపించినప్పుడు మీరు సంతోషముతో బాదుషాలు తెచ్చితిరి గాని, నిన్న నేను తొందరపడి అంటినిరా అని చెప్పలేదు. ఏడు వారములు గడచిన పిదప అదే మాట “ఇక చాల్లేరా” అను రూపమున, ఈసారి సూటిగా, అతని కంచము ముందుకు వచ్చినది.

మిమ్ములను నిందించుటకు ఇది వ్రాయుటలేదు. స్కోరు అడుగుటయే ప్రేమగా పెరిగినవారు మీరు; మీ తండ్రిగారి యెడల మీకది చాలినది, ఏలయన ఆ పత్రికకు చెరియొక కొసన ఉన్న ఇరువురికిని అందులోని వార్త వలన కలుగు నష్టమేమియు లేకుండెను. మీ అబ్బాయి సంగతి అట్టిది కాదు. అశోక్‌నగరు కూడలి నుండి చిక్కడపల్లి వరకు ఒక్కసారి నెమ్మదిగా నడచి చూడుడు. జిరాక్సు దుకాణముల ముందు తీగకు వ్రేలాడు కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు, మేడమెట్ల వెంబడి కోచింగు సెంటర్ల బోర్డులు, నలుగురైదుగురు కలిసి పంచుకొను హాస్టలు గదులు, టీ కొట్టు వద్ద నిలుచుండి కూడ వ్రేళ్ళమీద ఏవో సంవత్సరములు లెక్కించుకొను యువకులు. ఒక జీవో వచ్చినను, ఒక తీర్పు వెలువడినను ఆ వీధికి రాత్రి నిద్ర ఉండదు. 2024 అక్టోబరులో మెయిన్స్ ముందు ఆ పిల్లలు ఆ కూడళ్ళలోనే కూర్చుండి గొంతెత్తిరి. ఇట్టి చోట ప్రతిదినము పదునాలుగు గంటలు గడుపువానికి వార్త అనగా తన యేండ్లను తీసికొనిపోవునదియో, తెచ్చియిచ్చునదియో అయిన వస్తువు. దానిని బిట్లుగా విరిచి నోట్సులో పెట్టుకొనుట అతనికి మిగిలిన ఒకే ఒక రక్షణ. అతడు ఆట యందలి రసమును కోల్పోయినాడని మీరు బాధపడుచున్నారు. ఆ ఆదివారమునాడు నోట్సు వ్రాసికొనుచు కూడ ఒక కంట చూచినాడు గదా, రసము పోలేదు.

ఇంకొక్క సంగతి మీ ఇంట ఎవరును అనుకొన్నట్లు తోచదు. 2024 నాటి ఆ 563 పోస్టులకు నాలుగు లక్షలకు పైబడి దరఖాస్తులు వచ్చినవి. మెయిన్స్‌కు అర్హులైనవారు ముప్పదియొక్క వేల పైచిలుకు. ఆ పరీక్షలన్నియు వ్రాసి ముగించినవారు ఇరువదియొక్క వేల మంది. మీ అబ్బాయి ఆ ఇరువదియొక్క వేలలో ఒకడు. చాలినన్ని మార్కులు రాలేదు అను ఒక్క వాక్యములో మీరు ముగించిన ఆ ఫలితము వెనుక వారము దినములపాటు దినమునకు మూడు గంటల చొప్పున వ్రాసిన చేయి ఉన్నది. ఆ అక్టోబరున ఇంటికి వచ్చినపుడు, చేయి నొచ్చుచున్నదా అని ఎవరైన అడిగితిరో లేదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఇక మానుమని చెప్పవలెనా అను ప్రశ్న. మీ ఆందోళన న్యాయమైనదే. 2024 ఫిబ్రవరిలో ఈ ఉద్యోగములకు గరిష్ఠ వయఃపరిమితిని 44 నుండి 46 ఏండ్లకు పెంచిరి. అనగా చట్టము ఈ తలుపును ఇప్పట్లో మూయదు. ప్రకటనలు వచ్చుచునే ఉండును, ఆశయును వచ్చుచునే ఉండును. ఎక్కడ ఆగవలెనో చెప్పు బాధ్యత కనుక ఇంటిమీద పడినది. ఆ మాట మాత్రము మీ నోట రాకూడదు, అతని నోట రావలెను. మీరు చెప్పవలసినది మీకు మాత్రమే తెలిసిన లెక్క: నాలుగేండ్లకు జీతము ఆగును, పింఛను ఇంత వచ్చును, ఇంటి ఖర్చు ఇంత, అమ్మ వైద్యమునకు దాచినది ఇంత. ఇరువదియేడేండ్లవానికి ఇంటి లెక్క చెప్పకుండుట అతనిని పసివానిగా ఉంచుటయే. లెక్క చెప్పిన తరువాత మీరు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇంక ఎన్నిసార్లు, ఏ తేదీ వరకు, ఈలోపల చేతిఖర్చుకు ఏ పని? కోచింగు సెంటర్లలో పాఠములు చెప్పువారిలో మెయిన్స్ వరకు పోయివచ్చినవారు కొల్లలు. ఆ పని అతని చదువుకు అడ్డము రాదు. అతడు ఒక తేదీ చెప్పినచో, అది మీకు దూరముగా తోచినను బేరమాడవలదు. ఒక కాగితము మీద అతనిచేతనే వ్రాయించి దాచుడు. మీ శ్రీమతిగారికిని చూపుడు, ఆమె కన్నీటిలో సగము ఈ అంతులేనితనము వలననే వచ్చుచున్నది. ఆ తేదీ వరకు ఇంట ఈ ప్రస్తావన ఎవరును తేరాదు.

సిరాజును చూచి నేర్చుకో అని మాత్రము పొరపాటుననైన అనకుడు. ఆ ఉపదేశము అతడు ప్రతి గోడమీదను చదివినాడు. మీ వయస్సువారికి ఆ కథలో సిరాజు కంటె అతని తండ్రి ముఖ్యుడని నాకు తోచును. మన నగరముననే ఆటో నడిపి కుమారుని ఆటకు పంపిన ఆ మనిషి, 2020 నవంబరులో, కుమారుడు ఆస్ట్రేలియాలో ఉండగా, అతడు టెస్టు ఆడుటను ఒక్కనాడును చూడకయే కన్నుమూసెను. ఆ డిసెంబరులో సిరాజు మెల్‌బోర్నున మొదటి టెస్టు ఆడెను. జనవరిలో బ్రిస్బేనున ఐదు వికెట్లు తీసెను. ఫలితము కంటబడువరకు ఆగు అవకాశము ఆ తండ్రికి దొరకలేదు. మీకు దొరకినది. మీ ఇంట్లో, మీ గోడకు అవతలనే ఉన్నది.

మీ చివరి ప్రశ్నకు వత్తును. ప్రక్కన కూర్చుండుటకు బదులు ప్రక్కన నడువుడు. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు అతడు బయలుదేరునపుడు, నేనును లైబ్రరీ దాకా వత్తునని చెప్పి చెప్పులు వేసికొనుడు. డబ్బా ఉన్న సంచి మీరు పట్టుకొనుడు. ముందు వలదనును, అయినను నడువుడు. శంకరమఠము దాటువరకు ఏమియు మాట్లాడవలదు. బాగ్‌లింగంపల్లి వచ్చునప్పటికి, ఆ రాత్రి కంచము ముందు నేనన్న మాట తప్పురా, ఓవల్ ఆటనాడు అన్నదియును తప్పే అని చెప్పుడు. అంతకు మించి వివరణ అక్కరలేదు, అతనికి తెలియును. బదులు రాకపోయినను నొచ్చుకొనవలదు. అశోక్‌నగరులో ఇద్దరును చెరియొక టీ త్రాగి, సంచి అతనికిచ్చి, మీరు తిరిగి రండు. మరుసటి ఆదివారము మరల పోవుడు. ఇంటి లెక్క చెప్పుటకు మూడవ ఆదివారమో, నాలుగవదో అనువుగా ఉండును.

ఆ దారిలో క్రికెట్టు మాట మీరుగా ఎత్తకుడు, అతడే ఎత్తువరకు ఆగుడు. ఒకనాడు అతడు తన నోట్సు తిరగవేయుచు, టెస్టులలో మొదటి భారతీయ ద్విశతకము ఎవరిది, ఎక్కడ అను బిట్టు వద్ద ఆగి, అది తాతగారు చూచిన ఆటయే గదా నాన్నా అని అడుగును. అప్పుడు బీరువా తెరచి పంచాంగముల నడుమనున్న ఆ టిక్కెట్టు ముక్కను అతని చేతిలో పెట్టుడు.